శ్రీశైలం నడకదారిలో దారిబత్తెం

నంద్యాలకు ఉత్తరాన, నల్లమల కొండల పడమటి వైపున, కుందూ నది పారే నల్లరేగడి నేలల్లో బండి ఆత్మకూరు ఉంది. ఊరికి తూర్పున అడవి అంచులో ఓంకారేశ్వరుడి గుడి, దక్షిణాన మహానంది, ఇంకా కిందికి ఆళ్లగడ్డ దాటితే అహోబిలం, ఉత్తరాన అడవి లోపల శ్రీశైలం. ఈ క్షేత్రాల మధ్య జనం శతాబ్దాలుగా కాలినడకన తిరుగుతున్నారు. రోజుల తరబడి నడిచే మనిషికి బలం ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు ఈ ప్రాంతం రెండు జవాబులు తయారుచేసుకుంది. ఒకటి యాత్రికుడి మూటలో ఉండేది, రెండోది దారి పొడవునా ఊళ్లు పెట్టేది. ఇప్పుడు మారథాన్ పరుగుల్లో, సుదూర సైకిల్ యాత్రల్లో వాడే ఎనర్జీ జెల్ మొదటి జవాబుకు వచ్చిన కొత్త రూపం.

ఈ దారులు పాతవి. 14వ శతాబ్దిలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించాడు. కొండెక్కే యాత్రికులు అప్పటికే చాలామంది ఉండేవారని దీన్నిబట్టి తెలుస్తుంది. మహాశివరాత్రికి తెలుగు యాత్రికులు, ఉగాదికి కన్నడ యాత్రికులు శ్రీశైలానికి నడిచి వెళ్లడం నేటికీ ఆగలేదు. శ్రీశైలంలో కొలువైన భ్రమరాంబ అమ్మవారిని తమ ఇంటి ఆడపడుచుగా భావించే కన్నడ భక్తులు వందల కిలోమీటర్లు నడిచి కర్నూలు మీదుగా ఆత్మకూరు (ఇది బండి ఆత్మకూరు కాదు, వేరే ఊరు) చేరతారు. అక్కడినుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా అడవిదారిన కొండెక్కుతారు. అడవిలోకి దిగేముందు తగిలే చివరి పెద్ద ఊరు ఈ ఆత్మకూరే. అడవిలోకి దిగాక తిండి దొరికే అంగళ్లు అరుదు.

1830లో ఈ మార్గంలో ప్రయాణించిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరు. ఆ ఏడాది మే 18న పల్లకీలో, పరివారంతో బయలుదేరి, అహోబిలం, మహానంది చూసుకుని, బండి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం చేరి, అక్కడినుంచి కాశీ దాకా వెళ్లాడు. అప్పటికి ఈ ప్రాంతం కందనూరు (కర్నూలు) నవాబు ఏలుబడిలో ఉంది. వీరాస్వామయ్య మరణించిన తర్వాత, 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’లో ప్రతి మజిలీ దగ్గరా ఒకే రకమైన వివరాలు కనిపిస్తాయి: నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా, కావలసిన సామాను దొరుకుతుందా. ప్రయాణం సాగడం, ఆగడం వీటిమీదే ఆధారపడి ఉండేది. పల్లకీలో కూర్చున్నవాడికంటే దాన్ని మోసే బోయీలకు ఆ వివరాలు మరీ ముఖ్యం. భుజాన బరువుతో పూటపూటా నడవడం కష్టమైన పని. అందుకే బోయీలు వంతులవారీగా భుజం మార్చుకునేవారు. తపాలా మోసే హర్కారాలు మజిలీ మజిలీకి సంచిని కొత్తవాడికి అందించేవారు. ఒక్క మనిషి ఒంట్లోని బలం ఎంతవరకు వస్తుందో అనుభవంతో తెలుసుకుని చేసుకున్న ఏర్పాటు ఇది.

ఇక మూట సంగతి. చెడకూడదు, బరువుండకూడదు, పొయ్యి రాజేయకుండా తినగలగాలి. మూటకు కావలసిన గుణాలు ఈ మూడూ. నల్లరేగడిలో పండే జొన్న వీటికి బాగా కుదిరింది. తేమ పోయేదాకా కాల్చి ఎండబెట్టిన జొన్నరొట్టె రోజుల తరబడి నిలుస్తుంది. దానికి తోడు కారప్పొడి, ఎర్రగడ్డ ఉంటే ఒక పూట గడుస్తుంది. అటుకులు, బొరుగులు, వేయించిన శనగలు, నువ్వుల ఉండలు ఆ తర్వాతివి. ఇప్పుడు ప్రతి మూటలోనూ కనిపించే శనక్కాయలు మాత్రం అంత పాతవి కావు. దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ పంట రాయలసీమలో విస్తరించింది 19వ శతాబ్ది చివరి నుంచే.

వీటిలో జెల్‌కు దగ్గరి బంధువు పేలపిండి. జొన్నల్ని కొద్దిగా తడిపి ఆరబెట్టి, బాగా కాగిన మంగలంలో పిడికెడు చొప్పున వేసి కలియబెడితే గింజలు చిటపటమంటూ తెల్లగా విచ్చుకుంటాయి. పేలని గింజల్ని జల్లించి తీసేసి, పేలాలను తిరగట్లో మెత్తగా విసిరి, తురిమిన బెల్లం, దంచిన యాలకులు కలుపుతారు. తొలి ఏకాదశికి ఇంటింటా చేసే పిండి ఇదే. ప్రయాణంలో గుప్పెడు నోట్లో వేసుకుని నీళ్లు తాగితే చాలు. గింజ ఒకసారి వేడికి విచ్చుకుంది కాబట్టి అందులోని పిండిపదార్థం తేలిగ్గా అరుగుతుంది. బెల్లంలోని చక్కెర అంతకంటే ముందే రక్తంలో కలుస్తుంది. ఒకటి వెంటనే, మరొకటి కాసేపటికి శక్తినిస్తాయి.

తాగేవాటిలోనూ ఇదే తెలివి ఉంది. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం చక్కెరనూ నీటినీ కలిపి ఇస్తుంది. ఉప్పు వేసిన మజ్జిగ చెమటలో పోయిన ఉప్పును తిరిగి ఇస్తుంది. రాత్రి పులియబెట్టిన రాగి అంబలి ఆకలినీ దాహాన్నీ ఒకేసారి తీరుస్తుంది. అడవిలో చెంచులు తీసే తేనె కూడా దారి బలమే. అందులో ఉండేది ప్రధానంగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చక్కెరలు.

రెండో జవాబు దారిది. మూట ఎంత పెద్దదైనా రెండు మూడు రోజులకు ఖాళీ అవుతుంది. ఉగాది నడక ఎండలు ముదిరే కాలంలో వస్తుంది. ఆ రోజుల్లో దారి పొడవునా ఊళ్లవాళ్లు పందిళ్లు వేసి, యాత్రికులకు మజ్జిగ, అంబలి, అన్నం పెడతారు, నొప్పెట్టిన కాళ్లకు నూనె రాస్తారు. సత్రాలు, చలివేంద్రాలు ఇదే ధర్మానికి స్థిరమైన రూపాలు. 20వ శతాబ్దిలో ఈ పనిని అడవి లోపలికి తీసుకెళ్లినవాడు అవధూత కాశినాయన. 1995లో సమాధి చెందిన ఆయన నల్లమలలో శిథిలమైన గుళ్లను బాగుచేయించి, వాటిని ఆశ్రయించుకుని అన్నదాన సత్రాలు నెలకొల్పాడు. ఆయన పేరిట నడిచే సత్రాల్లో వచ్చినవాడి ఊరూ పేరూ అడగకుండా అన్నం పెడతారు.

అహోబిలం పారువేట ఉత్సవంలో ఈ ఏర్పాటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కనుమ నాడు బయలుదేరిన ఉత్సవమూర్తుల పల్లకీ నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో తిరుగుతుంది. పల్లకీ మోసే బోయీలు, వెంట నడిచే పరివారం అన్ని రోజుల తిండి మోసుకుపోలేరు, మోసుకుపోనక్కరా లేదు. ఏ ఊరికి పల్లకీ చేరితే ఆ ఊరే వాళ్లను చూసుకుంటుంది.

రోజుల తరబడి నడిచేవాళ్లు తిండి గురించి నేర్చుకున్న ఈ అనుభవం వెనకున్న శాస్త్రం 20వ శతాబ్దిలో తేలింది. 1924లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ ముగించిన పరుగువీరుల రక్తాన్ని వైద్యులు పరీక్షించారు. బాగా నీరసించినవాళ్లలో చక్కెర చాలా తగ్గినట్టు గుర్తించారు. మరుసటి ఏడాది పరుగు మధ్యలో మిఠాయి తినిపిస్తే ఆ నీరసం తగ్గింది. 1960లలో స్వీడన్ శాస్త్రవేత్తలు కండరం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి, శ్రమ సాగేకొద్దీ అందులోని గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ తరిగిపోతుందని, అది అడుగంటినప్పుడు మనిషి ఆగిపోతాడని చూపారు. ఒంట్లోని ఈ నిల్వ సుమారు 400–500 గ్రాములు. గట్టి పరుగుకు అది రెండు మూడు గంటలకు మించి రాదు. నెమ్మదిగా నడిచేటప్పుడు శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది. రొట్టె, అంబలి మీద యాత్రికుడు రోజంతా నడవగలగడానికి కారణం అదే.

పరుగెత్తేవాడికి నమలడం కష్టం, ఊపిరికి అడ్డుపడుతుంది. ఆ ఇబ్బంది తీర్చడానికే 1980ల రెండో సగంలో స్క్వీజీ, 1990లలో గూ వంటి జెల్‌లు వచ్చాయి. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే అరిగిన పిండిపదార్థం, ఫ్రక్టోజ్, కొంచెం ఉప్పు కలిపి చిక్కటి పాకంలా చేసి చిన్న పొట్లంలో పెడతారు. ఒక పొట్లంలో సాధారణంగా 20–25 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుంది. సుమారు 30 గ్రాముల బెల్లం ముక్కలో ఉండే చక్కెర కూడా దాదాపు అంతే. గంటకు మించి సాగే శ్రమకు గంటకు 30–60 గ్రాములు, రెండున్నర గంటలు దాటితే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపి 90 గ్రాముల వరకు తీసుకోవచ్చని క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. పేగులో ఈ రెండు చక్కెరలకు వేర్వేరు దారులుంటాయి కాబట్టి కలిపి తీసుకుంటే ఎక్కువ ఒంటబడుతుంది. బెల్లంలోని సుక్రోజ్ అరిగితే వచ్చేవి కూడా ఆ రెండే. జెల్ అయినా బెల్లమైనా వెంట నీళ్లు తాగాలి, లేకుంటే కడుపులో తిప్పుతుంది.

ఇవాళ తెలుగు నగరాల్లో మారథాన్ పరుగులు, గడువులోగా ముగించాల్సిన 200 నుంచి 600 కిలోమీటర్ల ‘బ్రెవే’ సైకిల్ యాత్రలు మామూలయ్యాయి. గడియారంతో పోటీపడేవాడికి జెల్ పనికొచ్చే వస్తువే. బ్రెవేలో మాత్రం 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువుంటుంది. అంతసేపు జెల్ ఒక్కటే తింటే నోటికి వెగటు పుడుతుంది, కడుపు మొరాయిస్తుంది. సైకిల్ యాత్రికులు దారిలో ఆగి ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు తినేది అందుకే. నల్లమల దారుల్లో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఇది పులుల అభయారణ్యం, ఖాళీ ప్లాస్టిక్ పొట్లాన్ని ఇక్కడ పారేయకుండా జేబులో వేసుకుని వెనక్కి తేవాలి. శ్రీశైలం నడకదారి అనుభవం మొత్తంగా చెప్పేది ఇది: తక్షణ బలానికి మూటలోని తీపి చాలు, దూరం గడవాలంటే దారిలో నీళ్లూ అన్నమూ పెట్టేవాళ్లుండాలి. ఈ ప్రాంతపు ఊళ్లు ఆ రెండో పనిని తరాల తరబడి తమ బాధ్యతగా చేసుకొచ్చాయి, నేటికీ చేస్తున్నాయి.