కాలేజీ పెద్దదా, చిన్నదా?

అడ్మిషన్ల కాలం వస్తే మన సంఘంలో ఇదే చర్చ. మనలాగే ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో, 1888లో తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు రెండూ చూశారు: ముందు వేలూరు వూర్హీస్ కాలేజీ, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. చేతిలో డబ్బు లేదు. బంధువు ఒకాయన తను చదివేసిన పుస్తకాలిస్తే, తత్వశాస్త్రమే తీసుకున్నారు. అంత పెద్ద కాలేజీలోనూ హాగ్ అనే ఆచార్యుడు ఆయన ఎం.ఏ. వ్యాసం చదివి మెచ్చుకున్నారు. మిషనరీ కాలేజీలో వేదాంతాన్ని సమర్థిస్తూ రాసిన వ్యాసమది! 1908లో అచ్చయింది కూడా.

పోయినేడు మనం ఫీజు కట్టి పెద్ద కాలేజీకి పంపిన పిల్లవాడు మూడు నెలలు క్లాసుకు వెళ్లలేదు. అక్కడెవరూ అడగలేదు. మనమూ అడగలేదు. ఈసారి ఫీజుతోపాటు నెలనెలా ఒక ఫోన్ కూడా చేద్దాం. ఎవరు చేస్తారో పేర్లు ఇవ్వండి.