నాగార్జునకొండ గిరిదుర్గము

తర్లుపాటినుండి మార్కాపురము, ఎఱ్ఱగొండపాలెము, మాచెర్లల మీదుగా నుత్తరమునకు బోవు యాత్రికుడు కృష్ణాజలాశయమున పడవనెక్కి నాగార్జునకొండను జేరును. ఆతడు పోవునది బౌద్ధశిల్పములను జూచుటకు. కాని తాను పాదము మోపిన కొండయే యొక మధ్యయుగ దుర్గమని యెఱిగినవారు కొలదిమంది.

ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి క్రీ. శ. 3, 4 శతాబ్దులలో కొండక్రింది లోయలో వెలసెను. కొండమీద రాతితోను ఇటుకతోను గట్టిన ప్రాకారము అంతకు జాలకాలము తరువాతిది. కొండవీటి రెడ్లును, 1454 తరువాత గజపతులును ఈ సీమ నేలిరి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని సాధించి, పిమ్మట అద్దంకి, వినుకొండ, బెల్లముకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరము దుర్గములను బట్టుకొని, 1515 జూన్ 23న కొండవీటిని గైకొనెనని శాసనములవలన దెలియుచున్నది.

చరిత్రకారులు కొండవీటి ముట్టడిని విస్తరించి వ్రాయుదురు. తక్కినవానిని పేర్ల పట్టికగా విడుతురు. ఈ యనాదరణము తగదు. దారులను, రేవులను గాచునవి చిన్నదుర్గములే. అవి శత్రుహస్తగతములైనచో మహాదుర్గమునకు వెలుపలి సాయము తెగిపోవును. కొండవీటి పతనము ఈ చిన్నకోటలయొద్దనే యారంభమైనదని నా తలంపు.

నాగార్జునసాగర జలములు లోయను ముంచునని 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు జరిపి, ముఖ్యమగు కట్టడములను గొన్నిటిని కొండపైకి జేర్చిరి. లోయ మునిగెను, కొండ ద్వీపమయ్యెను. పూర్వము సైనికులకు నెలవైన దుర్గము తనకంటె నెన్నో శతాబ్దులు ప్రాచీనములగు శిల్పములకు శరణ్యమైనది.

ఇట్టి రక్షణభాగ్యము లేని చిన్నకోటలు మన కొండలపై పెక్కు గలవు. జపానుదేశమున 1615లో తోకుగావ ప్రభుత్వము ప్రభువొక్కనికి కోట యొక్కటియే యుండవలెనని శాసించుటచే నెన్నియో కొండకోటలు పాడువడెను. నేడచటి పరిశోధకులు అడవులలో మిగిలిన మట్టికట్టలను, కందకములను గొలిచి, కోటకోటకు బటము వ్రాయుచున్నారు. మనకును నిదియే కర్తవ్యము. ప్రాకారపు పొడవు, ద్వారములు, బురుజులు, నీటిగుంటలు కొలిచి వ్రాసికొనుటకు తాడు, కాగితము, ఓపిక చాలును.

నాగార్జునకొండ లోయ 1926లో వెలుగునకు వచ్చుటకు గారకులు సురపరాజు వెంకటరామయ్యగారను స్థానికోపాధ్యాయులు. వారచటి స్తంభమొకదానిని జూచి ప్రభుత్వమునకు దెలిపిరి. నల్లమల, వెలికొండల నడుమ బిల్లలకు జదువు చెప్పు పండితులు తమ యూరి కొండపై రాళ్లవరుసను జూచునపుడు వారిని స్మరింతురుగాక.