నెత్తిమీద మట్టి, పునాదిలో చెమ్మ: పొలసర ఇంటి ఖర్చుల కథ

గంజాం జిల్లా పాత ఇళ్ళ గురించి రాసేవాళ్ళు వీధి అరుగుల గురించి రాస్తారు, గోడకి గోడ ఆనుకుని వరసగా సాగిపోయే ఇళ్ళ గురించి రాస్తారు. మేము ఈసారి ఎవరూ తొంగిచూడని చోటు గురించి రాద్దామనుకున్నాం. అక్కడ మనిషి నిలబడలేడు, పాకుతూ వెళ్ళాల్సిందే. పొలసరలో మా పాతింట్లో ఆ చోటు నెత్తిమీద ఉంది. గదుల మీది మట్టి అటకకీ, దాని పైన గడ్డి కప్పుకీ మధ్యనున్న ఖాళీ అది. అమెరికాలో ఇళ్ళు కొనుక్కున్న మన పిల్లల్లో చాలామందికి అలాంటి చోటే కాళ్ళ కింద ఉంటుంది. దాన్ని క్రాల్ స్పేస్ అంటారు. చోటు మారినా పేచీ ఒకటే. తడి రాకూడదు, వేడి దిగకూడదు, చెదలు పట్టకూడదు, ఇదంతా చేతిలో ఉన్న డబ్బుతోనే కావాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. మనవాళ్ళు ఉద్యోగాలకనీ, వ్యాపారాలకనీ, నేతపనికనీ ఇటు వచ్చి ఉండిపోయారు. బరంపురంలో వీధులకి వీధులే తెలుగు మాట్లాడేవి. పొలసరలాంటి లోపలి ఊళ్ళలో మాత్రం మనం కొద్దిమందిమి. పండగలూ వంటలూ మనవి నిలుపుకున్నాం గానీ, ఇల్లు కట్టడం మాత్రం ఇక్కడివాళ్ళని చూసే నేర్చుకున్నాం. ఇక్కడి ఎండా వానా వాళ్ళకి తెలిసినట్టు మనకి తెలీదు కదా. ఇంట్లో ఆడవాళ్ళు అటక అంటారు, పక్కింటి ఒడియావాళ్ళు ఆటు అంటారు. ఆ మాట ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందని తగువు పడ్డవాళ్ళు మాకు కనబడలేదు.

ఆ అటక కట్టే పద్ధతి ఇది. గోడ మీంచి గోడకి దూలాలు వేస్తారు. వాటి మీద అడ్డంగా వెదురు గానీ సన్నవాసాలు గానీ దగ్గరదగ్గరగా పరుస్తారు. పైన గడ్డి కలిపి తొక్కిన మట్టిని మందంగా మెత్తుతారు. ఎండాక పగుళ్ళు పూడ్చి, పేడమట్టితో అలుకుతారు. ఆ పైన గాలాడే ఎత్తు వదిలి, వాసాలు నిలిపి గడ్డి కప్పుతారు. అంటే ఇంటికి రెండు కప్పులు. పై కప్పు వాన కోసం, లోకప్పు మనిషి కోసం.

ఈ మట్టి బరువు ఎంతో ఒకసారి లెక్కేయండి. 20 అడుగుల పొడుగు, 12 అడుగుల వెడల్పు గది అనుకుందాం. మూడంగుళాల మందం మట్టి వేస్తే 60 ఘనపుటడుగులు. ఎండాక కూడా రెండున్నర టన్నుల పైమాటే. ఆ బరువు మోసేది దూలాలే. అందుకే పాతకాలం ఖర్చులో మట్టి దాదాపు ఉచితం, కలపే అసలు ఖర్చు.

ఇంత బరువు నెత్తికెత్తుకోవడానికి మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది నిప్పు. వరస ఇళ్ళలో ఒక గడ్డికప్పు అంటుకుంటే వీధి పొడుగునా పాకుతుంది. పైన గడ్డి కాలినా, మట్టి అటక నిలబడితే కింద ధాన్యం, పెట్టెలు, కాగితాలు మిగులుతాయి. రెండోది ఎండ. మందమైన మట్టి పగటి వేడిని నెమ్మదిగా తాగుతుంది. పైన గాలాడే ఖాళీ ఉండడంతో గడ్డి కప్పు వేడి నేరుగా కిందికి దిగదు. మూడోది చోటు. ఎండుమిరపకాయలు, చింతపండు జాడీలు, పెళ్ళిళ్ళప్పుడు మాత్రమే దింపే గంగాళాలు, అన్నీ అక్కడే ఉంటాయి.

మా పెద్దవాళ్ళు దీని ఖర్చుని మూడు రకాలుగా చూసేవారు. ఏటి ఖర్చు, కొన్నేళ్ళకోసారి వచ్చే ఖర్చు, తరానికోసారి వచ్చే ఖర్చు. కోతలయ్యాక, వానలకి ముందు, గడ్డి మార్చడం, అటక అలకడం ఏటి ఖర్చు. గడ్డి సొంత పొలానిదే, కూలి చాలావరకు ధాన్యంలో కొలిచి ఇచ్చేవారు. అయితే అదే గడ్డి పశువుల మేత కూడా. కప్పుకి ఎంత, కొట్టానికి ఎంత అన్నది ప్రతి ఏడూ తేల్చుకోవాల్సిన సంగతే. వెదురూ తాళ్ళూ కొన్నేళ్ళకోసారి. దూలాలు తరానికోసారి. ఆడపిల్ల పెళ్ళికి దాచినట్టే దూలానికీ దాచేవారు. ఈ మూడింటినీ కలిపేసి చూస్తే ఇల్లు నిలబెట్టలేం అన్నది వాళ్ళ లెక్క.

ఆ లెక్క ఎలా చెడిందో చెప్పాలి. పొట్టి వరి రకాలు వచ్చాక కప్పుకి పనికొచ్చే పొడుగు గడ్డి తగ్గింది. గడ్డి నేసే పనివాళ్ళు సూరత్ మిల్లులకి వలస వెళ్ళారు. ఈ జిల్లా నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు లేని ఊరు వెతుక్కోవాలి. 1999 అక్టోబరు 17, 18 తేదీల్లో గోపాలపూర్ దగ్గర ఒక తుపాను తీరం దాటింది. అదే నెలాఖరున వచ్చిన సూపర్ సైక్లోన్ గురించి అందరూ చెప్తారు గానీ, మన జిల్లాకి దెబ్బ ముందే తగిలింది. మళ్ళీ 2013 అక్టోబరు 12న పైలిన్, గంటకి 200 కిలోమీటర్ల పైచిలుకు గాలితో అదే గోపాలపూర్ దగ్గర. ఆ తరవాత గడ్డి కప్పు మీద నమ్మకం పోయింది. సర్కారు సాయం కూడా పక్కా ఇంటికే. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకంలో మైదాన ప్రాంతానికి ఇచ్చింది 1,20,000 రూపాయలు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. కోట్లమందికి ఇది నిజమైన నీడ, కాదనం. కానీ ఒట్టి స్లాబు కింద వేసవి మధ్యాహ్నం ఎలా ఉంటుందో పడుకున్నవాళ్ళకే తెలుసు. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకి రెండు వేలమందికి పైగా పోయారు. వేడిని ఆపడం ఇక్కడ సౌఖ్యానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించింది.

అందుకే పాతిల్లు పడగొట్టి స్లాబు వేద్దామా, ఉన్నదాన్ని బాగుచేద్దామా అన్న మాట మా అన్నదమ్ముల మధ్య వచ్చినప్పుడు తేలిగ్గా తేలలేదు. ఇంట్లో ఉండేది పెద్దవాళ్ళు, డబ్బు పంపేది దూరాన ఉన్నవాళ్ళు. చివరికి దూలాలు గట్టిగా ఉన్న రెండు గదుల అటక ఉంచుదామనీ, చెదలు తినేసిన గది మాత్రం కొత్తగా కడదామనీ తేల్చాం. డబ్బు అయిపోతే పని ఎక్కడ ఆగినా ఇల్లు పాడవకూడదు. అందుకని ముందు వరస రాసుకుని, తరవాతే ధరలు కనుక్కున్నాం.

ముందు నీళ్ళు. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా కాలవ, నేల వాలు సరిచేయడం. ఇది చౌక పని, కనబడని పని, అందుకే అందరూ ఆఖరికి వదిలేస్తారు. రెండోది పునాది చెమ్మ. కొత్త గదికి పునాది మట్టానికి 40 మిల్లీమీటర్ల కాంక్రీటు పట్టీ వేయించాం, కింది తడి గోడలోకి ఎక్కకుండా. పాత మట్టిగోడలకి సిమెంటు పూత వద్దన్నాం. సిమెంటు తడిని లోపలే బిగించేస్తుంది, నాలుగు వానలకి పెచ్చులు ఊడుతుంది. మట్టీ సున్నమే మేలు. మూడోది చెదలమందు, గోడ వారనా దూలాల మొనల దగ్గరా. నాలుగోది కప్పు, గడ్డి బదులు రేకు. ఐదోది, అన్నిటి తరవాతా, అటక పగుళ్ళు పూడ్చి కొత్త మట్టి పొర. తడి ఆగకముందే మట్టి మెత్తితే ఆ డబ్బు వానపాలు. మొత్తంలో పదో వంతు ఎవరూ ముట్టకూడదని పక్కన పెట్టాం. పాతిల్లు విప్పితే లోపల ఏముంటుందో విప్పాకే తెలుస్తుంది.

ఒక మాట అమెరికా పిల్లల కోసం. ఉత్తర కరోలినాలో ప్రిన్స్‌విల్ అనే చిన్న ఊరు ఉంది, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ళు కట్టుకున్నది. 1999 సెప్టెంబరులో, మన తుపానుకి నెల ముందు, ఫ్లాయిడ్ తుపాను వరదలో అది మునిగింది. తరవాత అక్కడి ఇళ్ళలో కొన్నింటి క్రాల్ స్పేస్ మూసి, కొన్నింటివి గాలికి వదిలి పోల్చి చూశారు. వేసవిలో బయటి తేమగాలి లోపలి చల్లటి కలపకి తగిలి నీరు కడుతోందని, మూసినవే పొడిగా ఉన్నాయని తేలింది. కరెంటు ఖర్చూ తగ్గింది. అక్కడ వరస ఇది: నీళ్ళు మళ్ళించు, నేలంతా కనీసం 6 మిల్ మందం ప్లాస్టిక్ పరువు, సందులు మూయి, ఆ తరవాతే గోడలకి ఇన్సులేషన్ పెట్టు, తేమ తీసే యంత్రం ఖర్చు కూడా లెక్కలో ఉంచు.

మన అటక మీద మాత్రం అలా మూసేస్తే ముప్పే. రేకు కింద వేడిగాలి బయటికి పోవాలి, వాసాలు ఆరాలి. అందుకే రెండు చివరలా గాలిదారులు వదిలి, ఎలకలు దూరకుండా వల కట్టించాం. గది వైపు మూయాలి, కప్పు వైపు వదలాలి. ఒక ఊరి మందు ఇంకో ఊరికి పనికిరాదు. వరస మాత్రం రెండు చోట్లా ఒకటే.

మీ ఊళ్ళో పాతిల్లు మిగిలి ఉంటే, కంట్రాక్టరుని పిలిచే ముందు ఒక పని చేయండి. గట్టి వానప్పుడు ఇంటి చుట్టూ తిరిగి, నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో కాగితం మీద గీయండి. ఖర్చు లెక్క ఆ కాగితం నుంచే మొదలవ్వాలి. మా పెద్దవాళ్ళ మూడు పద్దులూ దాని కింద రాయండి: ఏటిది, కొన్నేళ్ళది, తరానిది. మూడో పద్దులో ఈ ఏడు ఒక్క వెయ్యి వేసినా సరే, ఖాళీగా మాత్రం వదలకండి.