పోగ్స్ (సంగీత బృందం)

పోగ్స్ 1982లో లండన్‌లో ఏర్పడిన సెల్టిక్ పంక్ బృందం. ప్రధాన గాయకుడు షేన్ మెక్‌గోవన్ పాటల రచనలోనూ ముందున్నాడు. స్పైడర్ స్టేసీ టిన్ విజిల్, జెమ్ ఫైనర్ బాంజో వాయించేవారు. జేమ్స్ ఫియర్న్‌లీ గిటారిస్టు అయినా ఇక్కడ అకార్డియన్ పట్టాడు. బేస్ గిటార్ కేట్ ఓరియర్డన్‌ది, డ్రమ్స్ ఆండ్రూ రాంకెన్‌వి. తొలినాళ్ల వేదికలపై స్టేసీ బీరు ట్రేతో తన తలనే బాదుకుంటూ తాళం వేసేవాడు. అదీ వాద్యమే అనుకోవాలి.

1985 నాటి రెండో ఆల్బమ్‌ను ఎల్విస్ కాస్టెల్లో నిర్మించాడు. మరుసటి ఏడాది కేట్ బృందాన్ని వీడింది. ఆమె కోసం అనుకున్న యుగళగీతం ‘ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్’ గాయని కిర్‌స్టీ మెక్‌కోల్‌కు దక్కింది. ఆ పాట నిర్మాత స్టీవ్ లిలీవైట్ అప్పట్లో కిర్‌స్టీ భర్త. నమూనాగా ఇంట్లో రికార్డు చేసి తెచ్చిన ఆమె గొంతు విన్నాక బృందం మరొకరి కోసం వెతకలేదు. మెక్‌గోవన్, ఫైనర్ రాసిన ఆ పాట 1987 క్రిస్మస్‌కు బ్రిటన్‌లో రెండో స్థానంలో నిలిచింది. అదే ఏడాది డబ్లినర్స్‌తో కలిసి ‘ది ఐరిష్ రోవర్’ పాడారు. పాత తరం జానపద గాయకుల పక్కన నిలబడటం వీళ్లకు చిన్న గౌరవమేమీ కాదు.

క్లాష్ బృందానికి చెందిన జో స్ట్రమ్మర్ 1990లో వీళ్ల ‘హెల్స్ డిచ్’ ఆల్బమ్‌ను నిర్మించాడు. 1991లో మెక్‌గోవన్‌ను తప్పించాక కొంతకాలం స్ట్రమ్మరే గాయకుడయ్యాడు. మెక్‌గోవన్ 2023లో మరణించాడు.