దైవ సంకల్పం, మానవ స్వేచ్ఛ: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో మతగ్రంథ వ్యాఖ్యానం

మనిషి చేసే పనికి అసలు కర్త దేవుడా, కర్మా, మనిషేనా అన్న ప్రశ్నకు కృష్ణా డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె పరిసరాల్లో 19, 20 శతాబ్దాల్లో భిన్నమైన సమాధానాలు వచ్చాయి. బాప్తిస్మం ఎప్పుడివ్వాలి, పెళ్లి ఎలా జరపాలి వంటి ఆచారాలను కూడా ఆ సమాధానాలే నిర్ణయించాయి.

నేపథ్యం

భగవద్గీత 18వ అధ్యాయంలో ఈ ప్రశ్నకు రెండు కొసలూ ఉన్నాయి. ఈశ్వరుడు ప్రాణుల హృదయాల్లో ఉండి వాటిని యంత్రం మీది బొమ్మల్లా ఆడిస్తాడని 61వ శ్లోకం చెబుతుంది. బాగా ఆలోచించుకుని ఇష్టమైనట్లు చెయ్యమని 63వ శ్లోకం అర్జునుడికే వదిలేస్తుంది. వేదాంత సంప్రదాయాలు ఈ రెంటినీ తమ తమ పద్ధతుల్లో సమన్వయించాయి. జనవ్యవహారంలో తలరాత, పూర్వజన్మ కర్మ అన్న మాటలు బలంగా నిలిచాయి.

క్రైస్తవ వ్యాఖ్యానాలు

1842లో జె.సి.ఎఫ్. హేయర్ గుంటూరులో మొదలుపెట్టిన లూథరన్ మిషన్ తర్వాత తెనాలి, రేపల్లె ప్రాంతాలకు విస్తరించింది. పాపానికి లోబడిన మానవ సంకల్పం తనంతట తాను దేవుణ్ణి ఎన్నుకోలేదని మార్టిన్ లూథర్ 1525లో ఎరాస్మస్‌కు జవాబుగా వాదించాడు. రక్షణ పూర్తిగా దేవుని కృప కాబట్టి లూథరన్లు పసిపిల్లలకూ బాప్తిస్మం ఇస్తారు.

బాపట్ల వైపు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టులు మాత్రం విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకున్నవారికే ముంచి బాప్తిస్మం ఇచ్చారు. అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలులో 1876–78 కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ పని కల్పించి ఎందరినో ఆదుకున్నాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మనిషి స్వభావం పాపంతో చెడిపోయినా, కోరుకున్న ప్రతివారికీ రక్షణ దొరుకుతుందన్నది సాల్వేషన్ ఆర్మీ సిద్ధాంతం. ఆ సంస్థ 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు నెలకొల్పింది. అక్కడ ఉంచిన ఎరుకల కుటుంబాలపై 1911 నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. మనిషి మారగలడని బోధించిన చోటే హాజరు పట్టీ, అనుమతి లేకుండా కదలరాదన్న నిబంధన ఉండేవి. బోధకూ చట్టానికీ మధ్య ఈ వైరుధ్యం అక్కడివారి జీవితాలపై భారంగా పడింది.

హేతువాద వ్యాఖ్యానం

తెనాలిలో న్యాయవాదిగా స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) పురాణాలను హేతువుతో పరీక్షించాడు. తపస్సు చేసినందుకు శూద్రుడు వధకు గురైన రామాయణ కథను 'శంబుకవధ' నాటకంలో శంబుకుడి పక్షాన చెప్పాడు. మనిషి యోగ్యతను పుట్టుక నిర్ణయించదన్నది దాని సారాంశం. 'సూతపురాణం'లో పురాణాల ప్రామాణికతనే ప్రశ్నించాడు. సంస్కృత మంత్రాలకు బదులు వధూవరులకు అర్థమయ్యే తెలుగులో పెళ్లి జరిపేందుకు 'వివాహవిధి' రాశాడు. తర్వాతి తరంలో ఆవుల గోపాలకృష్ణమూర్తి ఎం.ఎన్. రాయ్ మానవవాదాన్ని ఇక్కడ ప్రచారం చేసి, మతతంతు లేని పెళ్లిళ్లు జరిపించాడు. ఆయన దృష్టిలో మనిషి స్వేచ్ఛకు దైవానుమతి అవసరం లేదు. దాని బాధ్యత కూడా మనిషిదే.