తండ్రి దాచినదియు, కొడుకు వ్రాసినదియు



సుల్తానాబాదులో మా తాతగారు కల్లమెత్తిన పిదప మన్నులో గలసిన గింజలను సైతము వంగి యేరెడివారు. మేము పిల్లలము ఆయనను పిసినారి యని నవ్వుకొనెడివారము. బాల్యమున ఆయన కరవు ననుభవించెనని చాల కాలమునకు గాని మాకు తెలియలేదు. పరదేశపు తండ్రీకొడుకుల చరిత్ర యొకటి చదివినపుడు ఆనాటి మా నవ్వు నాకు గుర్తునకు వచ్చినది.

తండ్రి పేరు వ్లాడెక్ స్పీగెల్‌మన్. పోలండు దేశపు యూదుడు, 1906లో జన్మించెను; బట్టల వ్యాపారి. 1937లో ఆన్యా యను నామెను పెండ్లాడెను. రిషియో యను కుమారుడు కలిగెను. 1939లో జర్మను సేనలు పోలండుపై బడినవి. హిట్లరు ప్రభుత్వము యూరపు ఖండమున సుమారు 60 లక్షల యూదులను వధించినది. క్షేమముగా నుండునని పసివానిని బంధువులయొద్ద నుంచిరి. 1943లో అచటివారినందరిని వధ్యస్థానమునకు కొనిపోవ వచ్చినపుడు, తల్లి తోబుట్టువు ఆ బిడ్డకు విషమిచ్చి తానును త్రాగెను. తలిదండ్రులు కొంతకాలము దాగియుండి, హంగరీకి పారిపోజూచి 1944లో పట్టుబడి, ఆష్విట్జ్ శిబిరమున బడిరి.

అచట వ్లాడెక్‌ను కాపాడినది చేతిపనియు, ముందుచూపును. కాపలాదారునికి ఇంగ్లీషు నేర్పి కడుపునకు తిండియు, కాలికి సరియైన జోళ్లును సంపాదించెను. రేకులపని వచ్చుననెను, చెప్పులు బాగుచేసెను. తన రొట్టెలో కొంత మిగిల్చి, దానిని మారకమిచ్చి, భార్యను తన దాపునకు రప్పించుకొనెను. ఇద్దరును బ్రతికి బయటపడిరి. 1948లో స్టాకుహోములో రెండవ కుమారుడు ఆర్ట్ పుట్టెను. 1951లో వారు అమెరికా చేరిరి.

శిబిరమున ప్రాణము నిలిపిన గుణమే ఇంట బరువైనది. వీథిలో దొరకిన తీగముక్కను గూడ వ్లాడెక్ తెచ్చి దాచెడివాడు. కొంత వాడిన సరకును అంగడికి తిరిగి యిచ్చివేయజూచెడివాడు. బాలుడు విడిచిన కూటిని, తినువరకు మరల మరల వాని ముందే పెట్టెడివాడు. అయితే ఇదంతయు శిబిరము చేసినదే యనుట నాకు సమ్మతము కాదు. ఆయన రెండవ భార్యయు అట్టి శిబిరములనుండి వచ్చినదే. ఆమె కట్టి గుణము లేదు, ఆయన లోభమునకు ఆమెయే విసిగినది. జాతి పేర హింసలుపడిన యాయనయే నల్లజాతివారిని చులకనగా మాటలాడెడివాడు. బాధపడినంతమాత్రమున మనుష్యుడు మంచివాడగునని చెప్పుటకు వీలులేదు.

1968లో ఆన్యా ఆత్మహత్య చేసికొనెను. ఆమె తన కథను పుస్తకములలో వ్రాసి, కుమారుడు చదువగోరెను. ఆ దుఃఖములో భర్త వానిని తగులబెట్టెను. తరువాతి దశాబ్దమున ఆర్ట్ ధ్వనిముద్రణ యంత్రము పట్టుకొని తండ్రియొద్ద కూర్చుండి, ఆ దినముల సంగతి యడుగసాగెను. తల్లి వ్రాతల నెన్నిమారులడిగినను ముసలివాడు మాట మార్చెను. (1948 నాటి రజాకార్ల దినముల సంగతి యడిగినచో మన యిండ్లలోను మాట మార్చు పెద్దలుండిరి.) తుదకు నిజమొప్పుకొనగా, కొడుకు తండ్రిని హంతకుడని నిందించెను. అయినను రాకపోకలు మానలేదు, వినుట మానలేదు.

1982లో వ్లాడెక్ మరణించెను. కుమారుడు ఆ చరిత్రను బొమ్మల కథగా, యూదులను ఎలుకలుగను జర్మనులను పిల్లులుగను గీసి, ‘మౌస్’ యను పేర 1986, 1991 సంవత్సరములలో రెండు సంపుటములుగ వెలువరించెను. 1992లో పులిట్జరు ప్రత్యేక బహుమానము వచ్చెను. యూదులు లోభులని వైరులు చిరకాలము ప్రచారము చేసిరి గదా, నా తండ్రి లోభమును చూపిన వారి మాటకు బలమిచ్చినట్లగునే యని ఆర్ట్ చాల చింతించెను. చింతించియు దాచలేదు. పితృభక్తికి లోపమని కొందరందురు. నేనన్నచో అంతకంటె మేలైన పితృఋణము తీర్చుట యెరుగను.

ఆ తలిదండ్రుల పడకగదిలో చనిపోయిన రిషియో పటము వ్రేలాడుచుండెను. ఆర్ట్ పటము లేదు. కథ ముగియు వేళ అలసిన తండ్రి, ఇక మాటలు చాలునని పరుండుచు, ఎదుట కూర్చున్న కొడుకును రిషియో యని పిలిచెను. ఆర్ట్ దానిని దిద్దలేదు. పుస్తకములో అట్లే వ్రాసెను.