పెడన దుప్పటి

ఊరు వెళ్లొచ్చినప్పుడు మీ సూట్‌కేసులో ఒక పెడన కలంకారీ దుప్పటి ఉండే ఉంటుంది కదా! సింగపూర్‌లో మన సోఫాల మీద పరిచే ఈ బట్టకి ఈ సముద్రాలు కొత్త కాదండీ. సింగపూర్ రేవు 1819లో మొదలైంది. అంతకు రెండు వందల ఏళ్ల ముందే డచ్చివాళ్లు మచిలీపట్నం వైపు అద్దకం బట్టలు తీసుకెళ్లి, ఇండోనేషియా దీవుల్లో వాటికి బదులు లవంగాలు, జాజికాయ కొనేవారు. సులవేసిలోని తొరాజా వాళ్లు మన కోస్తా బట్టల్ని పరుచుకోలేదు. తరతరాలుగా పవిత్రంగా దాచుకుని, కర్మకాండల్లో మాత్రమే బయటికి తీసేవారు. అలాంటి పాతబట్టలు ఇక్కడి ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియం సేకరణలోనూ ఉన్నాయి.

మంచం దుప్పటిగా మోజుపడింది యూరప్. ఎంత మోజంటే, తమ నేతగాళ్లు గోలపెడితే 1721లో ఇంగ్లండ్ అద్దకం నూలుబట్టలు కట్టుకోవడమే కాదు, ఇంట్లో వాడటం కూడా నిషేధించింది!

ఇప్పుడు మనకమ్మేవాటిలో చాలావరకు స్క్రీన్ ప్రింటే. కొనుక్కోండి, తప్పులేదు, కానీ అచ్చు పని ధర మాత్రం ఇవ్వకండి. అసలు పనిలో గుడ్డని కరక్కాయ, పాలలో నానబెట్టాలి. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నలుపుని టేకు అచ్చుతో అద్దాలి, ఎరుపుకి పటిక అద్ది రంగులో ఉడకబెట్టాలి, మధ్యమధ్యలో పారే నీళ్లలో జాడించాలి. దుప్పటి విప్పి, అచ్చులు కలిసేచోట చూడండి. చేతిపనైతే వెంట్రుకవాసి ఎడమో, ఒకదానిమీదొకటి ఎక్కడమో కనిపిస్తుంది.